మరిచిపోయిన కవర్లు

పెద్దమ్మ పోయిన సంగతి నాకు ఒక పట్టికలో తెలిసింది.

కొన్నేళ్ల కిందట మేం చేసి ముగించిన పరిశోధనను మళ్లీ మొదలుపెడుతున్నారట. అప్పట్లో మాతో మాట్లాడినవాళ్లలో ఇప్పుడు ఎవరెవరు దొరుకుతారో చూసి చెప్పమని, నేనెప్పుడూ చూడని ఒక కొత్త పరిశోధకురాలు మెయిల్ పంపింది. పట్టికలో పేర్లుండవు, అంకెలుంటాయి. చిక్కడపల్లి మార్కెట్, ఆకుకూరలు, స్త్రీ, వయసు అరవై పైన. ఆ వరుస చివరి గడిలో "చనిపోయారు" అని ఉంది. దాని కింద "ఫోన్ ఎత్తడం లేదు". ఇంకా కింద "ఆసక్తి లేదు". మూడింటికీ ఒకే బూడిద రంగు వేశారు.

జవాబు రాయబోయి మానేశాను. ఆమె అసలు పేరు నాకు తెలుసు. సమ్మతి పత్రం మీద ఆమె వేలిముద్ర వేస్తే పక్కన పేరు రాసింది నేనే. ఇక్కడ మాత్రం రాయను. మార్కెట్లో అందరికీ ఆమె పెద్దమ్మే, నాకూ అంతే.

మా పరిశోధన పేరు చెప్పాలంటే మూడు వాక్యాలు కావాలి. తేలిగ్గా చెబితే, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లో జనం తినే తిండి ఎక్కణ్నుంచి వస్తోంది, ఎన్ని చేతులు మారుతోంది, చివరికి ఎవరి కంచంలో పడుతోంది అన్నది తెలుసుకోవడం. దీనికి ఏడుగురు భాగస్వాములు. రెండు విశ్వవిద్యాలయాలు, ఒక విదేశీ సంస్థ, రెండు స్వచ్ఛంద సంస్థలు, ఒక ప్రభుత్వ శాఖ, ఒక వ్యాపారుల సంఘం. నా ఉద్యోగం సమన్వయం. అంటే ఏడుగురికీ కుదిరే గంట ఒకటి వెతకడం, కుదిరాక ఎవరో ఒకరు రాలేమంటే మళ్లీ వెతకడం. నివేదిక అట్ట మీద ఎవరి గుర్తు ముందుండాలన్న దాని మీద రెండు పూటలు సమావేశం జరిగింది. కూరగాయలమ్మేవాళ్లను "భాగస్వాములు" అనాలా, "సమాచారదాతలు" అనాలా అన్నది ఆఖరుదాకా తేలలేదు. మూడేళ్లు ఆ పని చేసి నేను అలసిపోయిన అలసట ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

పెద్దమ్మను మొదటిసారి కలిసిన రోజు నా చేతిలో ఇరవై పేజీల ప్రశ్నాపత్రం ఉంది. ఆమె అంబర్‌పేట్ నుంచి తెల్లవారుతూనే షేర్ ఆటోలో మూటలతో వచ్చేది. నిమ్మకాయలమ్మే యాదమ్మ పక్కన గోనెపట్టా పరిచి, పాలకూర, తోటకూర, చుక్కకూర, గంగవాయిలుకూర కట్టలు వరుసగా పేర్చి, వాటి మీద తడిగుడ్డ కప్పి కూర్చునేది.

"రోజుకు ఎంతమంది కొంటారు పెద్దమ్మా?" అని అడిగాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?"

"ఏం తినలేదు. టీ తాగాను."

"టీ ఏం తిండి? ఇంట్ల వండెటోళ్లు లేరా?"

అరగంట తర్వాత లేచేసరికి నా మొదటి పేజీ కూడా నిండలేదు. ఆమెకు మాత్రం మేం కోస్తా నుంచి వచ్చి నారాయణగూడలో తాతల కాలంలోనే స్థిరపడ్డామని, మా అమ్మకు షుగరని, నాకు పొద్దున లేవగానే వంటంటే విసుగని, వారంలో నాలుగు రోజులు బయట తింటానని తెలిసిపోయింది. ఎన్ని నెలలు వెళ్లినా ఈ వరస మారలేదు. ముందు ఆమె ప్రశ్న, ఆ తర్వాతే నా ప్రశ్న. మా బృందంలో ఎవరు ఏం తింటారో, ఎవరు ఏ కూర ముట్టరో ఆమెకు తెలిసినంతగా మాకు ఒకరి గురించి ఒకరికి తెలియదు.

ఆమె అమ్మకం కూడా అలాగే ఉండేది. "నీకు ఇయ్యాల పుంటికూర వద్దు, నిన్న కడుపుల మంటన్నవ్ గద" అని చేతిలో కట్ట లాక్కుని మెంతికూర పెట్టేది. కొనేవాళ్లు గొణుక్కుంటూనే తీసుకునేవాళ్లు. ఈ పుంటికూరతో మాకో తమాషా జరిగింది. ప్రశ్నాపత్రం తయారుచేసింది నాలాంటి వాళ్లు కాబట్టి అందులో గోంగూర అని ఉంది. మార్కెట్లో అందరూ పుంటికూర అంటారు. రెండు నెలలపాటు అవి రెండు వేర్వేరు కూరలుగా లెక్కలోకెక్కాయి. గోంగూర ఈ పేటల్లో ఎందుకు దొరకడం లేదని ఒక ప్రొఫెసర్ ఒక పేరా కూడా రాశారు. నేను నవ్వలేక నవ్వుతూ ఆ సంగతి పెద్దమ్మకు చెబితే ఆమె నవ్వలేదు. "ఆయినెకు ఒక కట్ట ఇయ్యి, దొరికిందని చెప్పు" అంది.

నాతో మాట్లాడేటప్పుడు ఆమె చెయ్యి కట్టలు సర్దుతూనే ఉండేది. ఒక మాట చెప్పి "రాస్కో" అనేది. ఇంకో మాట చెప్పి "గిది రాయకు" అనేది. ఈ రెంటికీ ఆమె దగ్గర ఏదో కొలత ఉండేది, అది నాకు చాన్నాళ్లు అంతు పట్టలేదు. వానాకాలంలో మురికినీళ్లు చేరిన మడిలోంచి వచ్చిన కూర ఎట్లా గుర్తుపట్టాలో చెప్పి, రాస్కో అంది. పక్క వరుసలో ఒకామె మొగుడితో పడే గొడవ చెప్పి, రాయకు అంది. అక్కడిదాకా అర్థమైంది. వ్యాపారుల సంఘం తరఫున ఆమెను మా సమావేశాలకు పిలిచేవాళ్లం. గదిలోవాళ్లు, తెర మీద నుంచి విదేశీ సంస్థవాళ్లు మాట్లాడే ఇంగ్లీషు మధ్య కళ్లు మూసుకుని కూర్చునేది. నిద్రపోతోందనుకునేవాళ్లం. బయటికొచ్చాక నాతో అనేది: "ఆ కండ్లద్దాలాయినెకు, గడ్డపాయినెకు పడది. ఆ టీవీల కనపడ్డ తెల్లామెకు మీ అందరి మీద శక్ ఉన్నది, ఎవల్ని నమ్మది. నీ మాట ఎవలు వింటలేరు." మూడూ నిజమే.

కవర్ల సంగతి నాకు నాలుగో నెలలో తెలిసింది.

మధ్యాహ్నం రెండు దాటాక మార్కెట్ సద్దుమణుగుతుంది. ఆ వేళ నేను పెద్దమ్మ వెనక నీడలో కూర్చుని కాగితాలు సర్దుకుంటున్నాను. భుజాన బ్యాగు, చేతిలో పోటీపరీక్షల పుస్తకంతో ఒకతను వచ్చి నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుంటాయి. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. అశోక్‌నగర్‌లో సర్కారు కొలువు కోసం ఏళ్ల తరబడి చదివే వేలమందిలో ఒకడు.

"పెద్దమ్మా, పొద్దున నా కవర్ ఈడ మర్చిపోయిన" అన్నాడు.

ఆమె తలెత్తలేదు. "ఆఁ, గా గోనె ఎనక ఉన్నది జూడు. తీస్కపో. రోజు మర్చిపోతవ్ నువ్వు."

అతను వంగి కవర్ తీసుకుని వెళ్లిపోయాడు. పది నిమిషాలకు ఇంకొకతను. ఆ తర్వాత ఒకమ్మాయి. అందరూ పొద్దున కవర్ మరిచిపోయినవాళ్లే. గోనె వెనక చూస్తే, ముడి వేసిన కవర్లు వరుసగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో కాస్త ఆకుకూర, నాలుగు టమాటాలు, రెండు వంకాయలు, రెండు నిమ్మకాయలు. వరుసలో కూర్చునే వాళ్లందరూ తలా కొంచెం వేస్తే పెద్దమ్మ కవర్లు కట్టేదట. ఇంటి నుంచి ఇంకా డబ్బేమని పంపించమంటారు, గదిలో నలుగురూ కలిసి అన్నం వండుకుంటారు, కూరకు ఉండదు. అడగలేరు. ఇస్తానంటే తీసుకోరు. మరిచిపోయింది తీసుకోవడానికి మాత్రం ఎవరికీ నామోషీ ఉండదు.

"ఇది ఎవరు మొదలుపెట్టారు పెద్దమ్మా?" అన్నాను.

"ఒకడు నిజంగనే మర్చిపోయిండు ఒకసారి" అంది. తర్వాత నా కలం చూసి, మొదటిసారి నా మణికట్టు పట్టుకుంది. "గిది రాయకు బిడ్డా. కూరగాయల ముచ్చట గాదిది. పిల్లల ఇజ్జత్."

రాయను అన్నాను. నిజంగానే రాయలేదు.

చెప్పాను.

ఆ నెల సమావేశం మూడో గంటలోకి వచ్చింది. ఆ రోజు పెద్దమ్మ రాలేదు. క్షేత్రపనిలో కొత్తదేమీ రావడం లేదని, ఇదంతా ముందే తెలిసిందేనని తెర మీద నుంచి ఒకరు, గదిలోంచి ఇద్దరు అన్నారు. ఆ క్షేత్రపని నాది. ఎండలో తిరిగింది నేను. నాకు ఏడుపొచ్చేంత అలసటగా ఉంది. "కొత్తది ఒకటుంది" అని మొదలుపెట్టాను. చెబుతుంటే గదిలో అందరి వెన్నులూ నిటారయ్యాయి. ఆ మూడేళ్లలో ఏడుగురు భాగస్వాములూ ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే. ఇది మన ముఖ్యమైన ఫలితం అన్నారు. ఆ పద్ధతికి అప్పటికప్పుడు ఇంగ్లీషులో ఒక పేరు పెట్టారు. వాళ్లు మెచ్చుకుంటుంటే నాకు హాయిగా అనిపించింది. అది దాచి లాభం లేదు.

వద్దని తర్వాత నేననకపోలేదు. పేర్లు రాయం కదా, ఎవరికేం నష్టం అన్నారు. ఒక సంస్థవాళ్లు ఆ చదువుకునేవాళ్లలో నలుగుర్ని వెతికి మాట్లాడించి, సమ్మతి పత్రాల మీద సంతకాలు తీసుకున్నారు. కాదనడానికి మొహమాటపడి చేసి ఉంటారు. రూము నంబర్లతో సహా ఆ పత్రాలు నా బీరువాలోకి చేరాయి. నివేదికలో ఆ పేజీ రాసింది నేనే. బాగా రాశానని అందరూ అన్నారు.

ఆ సంస్థ తన వెబ్‌సైట్‌లో దాన్ని ఒక ఫోటోతో పెట్టింది. వెనక నుంచి తీసిన ఫోటో, మొహాలు లేవు. కవర్ అందుకుంటున్న మనిషి వీపు, వీపు మీద బ్యాగు, తెగిన పట్టీని ఎర్రదారంతో కుట్టుకున్న కుట్టు. ఒక్క పూటలో అది అశోక్‌నగర్ ఫోన్లన్నింటికీ పాకింది. ఒకే లైబ్రరీలో పక్కపక్క కుర్చీల్లో కూర్చునేవాళ్లకు ఆ బ్యాగు ఎవరిదో తెలియడానికి మొహం అక్కర్లేదు.

ఆ వారం నుంచి కవర్లు గోనె వెనకే ఉండిపోయాయి.

నేను మార్కెట్‌కు వెళ్లడానికి తొమ్మిది రోజులు పట్టింది. పెద్దమ్మ పుదీనా ఏరుతోంది. ఆ రోజు నేనేం తిన్నానో అడగలేదు. ఎవరో కొనడానికొచ్చినామె ఫోన్లో ఫోటో చూపించిందట.

"వాళ్లంతట వాళ్లు చూసిన్రా, నువ్వు చెప్పినవా?" అంది.

"నేనే చెప్పాను పెద్దమ్మా."

"ఎందుకు?"

ఎన్నో కారణాలు తయారుచేసుకుని వెళ్లాను. "అలసిపోయి ఉన్నాను" అన్నాను.

ఆమె ఇంకో పుదీనా కట్ట విప్పింది. "అలిసినోళ్లు కూసుంటరు బిడ్డా" అంది. "నోరు జారుతరా?"

యాదమ్మ అటు తిరిగి నిమ్మకాయలు తుడుస్తోంది. పెద్దమ్మ గొంతు తగ్గించి అంది: "మీ కాయిదాలల్ల వాళ్ల రూములున్నయట గద. నాకు పేర్లు తెల్వయ్, ఇండ్లు తెల్వయ్. నాలుగు దినాల సంది గల్లీలు తిరుగుతున్న, ఎవలు నాతోని మాట్లాడ్తలేరు. ఒక్కనిది చెప్పు, చాలు. నేనే పోయి ఇచ్చొస్త."

"చెప్పకూడదు పెద్దమ్మా. ఎవరికీ చెప్పం అని వాళ్లకు మాటిచ్చాం."

"నాకు గూడ ఇచ్చినవ్ గద" అంది.

ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. నేను గోనె వెనక నుంచి ఒక కవర్ తీసుకుని, నేనిచ్చి వస్తానని లేచాను. నియమం ప్రకారం అదీ తప్పే. ఆ పూట నాకు నియమాలు పట్టలేదు.

అశోక్‌నగర్‌లో మూడో అంతస్తు, ఒక ఇరుకు వరండా. తలుపు తీసింది, కవర్ల సంగతి తెలిసిన రోజు అందరికంటే ముందు వచ్చినతనే. లోపల నేలమీద పుస్తకాలు, మూలన రైస్ కుక్కర్ ఆవిరి కక్కుతోంది. గోడకు కొత్త బ్యాగు వేలాడుతోంది.

"సర్వేనా మేడం? అయిపోయింది గదా."

"సర్వే కాదు." కవర్ ముందుకు చాపాను. పెద్దమ్మ మాటే అన్నాను. "మీ కవర్. మార్కెట్లో మర్చిపోయారు."

అతను కవర్ వైపు చూశాడు. బాగా చదువుకున్నవాడు, మర్యాద తెలిసినవాడు. "నాది గాదు మేడం" అన్నాడు నెమ్మదిగా. "పెద్దమ్మ అడిగితే ఊరికి పోయిండని చెప్పున్రి." చప్పుడు కాకుండా తలుపు మూశాడు.

తిరిగి వచ్చి పెద్దమ్మ ముందు కూర్చున్నాను. "ఆ ఫోటోలో బ్యాగు అబ్బాయి ఊరెళ్లిపోయాడట" అన్నాను.

ఆమె నా చేతిలోంచి కవర్ తీసుకుని ముడి విప్పింది. "పొద్దుగాల లైబ్రరీ మెట్ల కాడ కనపడ్డడు. నన్ను జూసి మొకం అటు తిప్పుకున్నడు." వాడిపోయిన తోటకూరను పక్కన పెట్టి, బాగున్న కట్ట మీద నీళ్లు చల్లి వరుసలో పేర్చింది. "నీకు అబద్ధం చెప్పుడు రాదు బిడ్డా. కష్టపడకు."

ఆ తర్వాత మా మధ్య ఆ ప్రస్తావన రాలేదు. మళ్లీ ఏం తిన్నానని అడగడానికి ఆమెకు నెల పట్టింది.

ముగింపు సభ బాగ్ లింగంపల్లిలో ఒక హాల్లో పెట్టారు. పెద్దమ్మకు సన్మానం చెయ్యాలని తీర్మానించారు. రాదనుకున్నాను. వచ్చింది. జరీ అంచు శాలువా కప్పించుకుంది. రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు. తెర మీదున్న విదేశీ భాగస్వాములకు ఆమె మాటల్ని ఇంగ్లీషులో చెప్పే పని నాది.

"మీరందరు పొద్దుగాల ఏం తిన్నరు?" అంది మైకులో. హాలంతా నవ్వింది. ఇడ్లీ అని ఎవరో, ఉప్మా అని ఇంకెవరో అన్నారు.

"ఎవలు పెట్టిన్రు? అమ్మ పెట్టిందా, పెండ్లాం పెట్టిందా? అది పేపర్ల ఏపిచ్చుకున్నరా?" నవ్వు తగ్గింది. ఆమె శాలువా సర్దుకుంది. "ఆకలైనోడు ఎవలన్న పెడితే తింటడు. పెట్టినమని పదిమందిల చెప్తే ఆ ముద్ద గొంతు దిగది. గంతే నాకు తెలిసింది."

అందరూ నా వైపు చూశారు. నా నోట్లోంచి ఇంగ్లీషులో వచ్చింది ఒక్క వాక్యం: వ్యక్తిగత గోప్యత చాలా ముఖ్యమని ఆమె అంటున్నారు. తెర మీద తలలు ఊగాయి. ఎవరో రాసుకున్నారు కూడా. ఆమె మాటను మోయడానికి ఆ రోజు నాలో సత్తువ లేదు.

మర్నాడు మార్కెట్లో చూస్తే ఆ శాలువా నీళ్లలో తడిపి కొత్తిమీర మీద కప్పి ఉంది. "గోనె కన్న మంచిగ పనిజేస్తున్నది" అంది.

తర్వాత నాకు వేరే పని దొరికింది, వేరే భాగస్వాములు, వేరే సమావేశాలు. మొదట్లో వారానికోసారి వెళ్లేదాన్ని, తర్వాత నెలకోసారి. ఆ తర్వాత కూరలు ఇంటికే తెప్పించుకోవడం అలవాటైంది. అదే సౌకర్యమని అనుకున్నాను.

మెయిల్ చూసిన రోజు మధ్యాహ్నం చిక్కడపల్లి వెళ్లాను. పెద్దమ్మ కూర్చునే చోట యాదమ్మ తన నిమ్మకాయల పక్కనే నాలుగు రకాల ఆకుకూరలు పేర్చుకుని కూర్చుంది. నన్ను గుర్తుపట్టి పీట జరిపింది.

"నిద్రలనే పోయింది" అంది. "ముందు దినం పొద్దుమూకేదాక ఈడనే ఉన్నది. మంచిగున్నది. ఆఖరు కట్ట అమ్మినంకనే లేసింది."

ఇన్నేళ్లు ఎవరినీ అడగనిది అప్పుడు అడిగాను. "ఆ పిల్లలు… మళ్లీ ఎవరూ రాలేదు కదా యాదమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఎవలన్నరు రాలేదని?"

"కవర్లు ఆగిపోయాయి కదా."

"ఈడ ఆగినయ్. ఆమె ఊకుంటదా? నెల దినాలు పరేషాన్ అయింది, తిరిగింది. అయినంక జాగ మార్చింది. పద్ధతి గూడ మార్చింది. ఇప్పుడు ఎవలు కవర్ మర్చిపోరు, వేరే తీరు నడుస్తది." నవ్వు ఆపుకుని, "నీకు తెల్వనియ్యొద్దన్నది" అంది.

"నాకా?"

"మీ కాయిదాలోళ్లకు. నీకైతే ఇంకా ముందుగాల. ఏమనుకోకు అక్కా. నువ్వంటే పాణం ఆమెకు. నువ్వొచ్చినప్పుడల్ల నీకు ఏ కూర ఇయ్యాల్నో పొద్దుగాలనే తీసి పెట్టేది. అయినగని నీకు మాత్రం చెప్పొద్దని మా అందరితోని ఒట్టు ఏపిచ్చుకున్నది."

నేను అక్కడ కూర్చుని ఆమెతో మాట్లాడిన పూటలు గుర్తొచ్చాయి. వారాల తరబడి ఆమె నా ఎదుటే కట్టలు సర్దుతూ, నా తిండి గురించి అడుగుతూ, ఆ పని నడిపించింది. నాకు అనుమానం కూడా రాలేదు. చాలా రోజులకు ఒంట్లోంచి బరువు కొంచెం దిగినట్టయింది.

"ఇప్పుడు?" అన్నాను.

"నడుస్తున్నది. ఆమె పోయిన దినం గూడ ఆగలే." యాదమ్మ ముందుకు వంగింది. "చెప్పమంటవా? ఆమె లేదు గద ఇప్పుడు."

"వద్దు యాదమ్మా" అన్నాను. "చెప్పకు."

ఎక్కడో, ఎట్లాగో తెలియదు కాబట్టే ఈమాత్రమైనా రాయగలిగాను.

ఒక పాలకూర కట్ట, నాలుగు నిమ్మకాయలు తీసుకుని లేచాను. రెండు గంటలు కావస్తోంది. నారాయణగూడకు గల్లీల్లోంచి వెళ్తే దగ్గర. ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి ఏం మారుతోందో పొరపాటునైనా నా కంట పడకూడదని, ఆ ఎండలో పెద్దరోడ్డు మీంచే నడిచి ఇంటికి వెళ్లాను.